ఎండకు భయపడి తీసిన గాలి

మొన్న ఆదివారం మా బావ ఫ్యామిలీ గ్రూపులో ఒక వాయిస్ మెసేజీ పంపినాడు. ఆయన గొంతు కాదు, ఎవరో ఎవరికో పంపింది ఊర్లన్నీ తిరిగి మా గ్రూపుకు చేరింది. ఎండలు ముదిరినాయి, రోడ్లు కాగుతాండాయి, లోపల గాలి ఉబ్బి టైర్లు పగులుతాయి, కాబట్టి అందరూ బండ్లలో గాలి ఐదో పదో తగ్గించుకోండి, మీ వాళ్ళందరికీ పంపండి అని. కింద మా చిన్నాయన దండం బొమ్మ పెట్టినాడు, పిన్ని కొడుకు "కరెక్ట్" అన్నాడు. నేను ఏదో టైపు చేసినా, చెరిపేసినా, మళ్ళీ టైపు చేసినా, ఆఖరికి ఫోను పక్కన పడేసినా. ఎందుకంటే పోయినేడు ఏప్రిల్లో సరిగ్గా ఇదే మాట మా డ్రైవరుకు చెప్పింది నేనే, దానికి నాకు ఏ వాయిస్ మెసేజీ కూడా అక్కర్లేకపోయింది, చిన్నప్పట్నుంచి చెవిన పడతాండే మాటే అది.

గ్రూపులో రాయలేంది ఇక్కడ రాస్తాండా. నా మాట ఒకటే. ఎండాకాలం గాలి తగ్గించడం అనేది జాగ్రత్త కాదు, లోడు మోసే బండికి అది నేరుగా ప్రమాదం. వేసవిలో టైర్లు పగిలేది గాలి ఎక్కువయ్యి కాదు, చాలా మటుకు తక్కువయ్యి. ఇది నేను ఒప్పుకోడానికి ఒక టైరు, ఒక మధ్యాహ్నం, రోంత పరువు ఖర్చయినాయి.

మాకు అనంతపురంలో హార్డ్‌వేర్ షాపు ఉంది, దాంతోపాటు బండలు కూడా అమ్ముతాం. టాటా ఏస్ కంటే రోంత పెద్ద పికప్పు ఒకటి ఉంది, ఇంట్లో అందరూ దాన్ని వ్యాను అనే అంటారు కాబట్టి నేనూ అదే అంటా. వారానికి రెండు మూడు సార్లు తాడిపత్రికి ఖాళీగా పోయి బండలతో తిరిగొస్తుంది, అరవై కిలోమీటర్ల లోపే దూరం. నడిపేది మా ఊరాయనే, వరసకు మామ. నన్ను "అల్లుడూ" అంటాడు, జీతం తీసుకునేటప్పుడు కూడా.

నల్లపొడి

పోయినేడు ఏప్రిల్ రెండో వారం. బయట నలభై రెండో నలభై మూడో ఉంది. నేను షాపులో ఫ్యాను కింద కూర్చోనే మామకు చెప్పినా, "మామా, ఎండలు జాస్తిగా ఉండాయి, వెనక రెండిట్లో పది తగ్గించు, లోడు పడేది అక్కడే కదా" అని. ఇప్పుడు ఈ వాక్యం చదివితే నాకే నవ్వొస్తుంది, లోడు పడేది అక్కడే కాబట్టి అక్కడ గాలి తీయమన్నా నేను. డోరు దగ్గర కంపెనీ స్టిక్కరు మీద గాలి ముందర 45, వెనక లోడుతో 65 పీఎస్ఐ అని ఉంది, పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత, నేను చెప్పే గాలి నంబర్లన్నీ అవే. మామ బంకుకు పోయి వెనక 55 చేయించినాడు. రెండు వారాలు ఏమీ కాలేదు, ఏమీ కాకపోయేసరికి నేను చెప్పింది కరెక్టేనని నమ్మకం కూడా కుదిరింది.

మూడో వారం మధ్యాహ్నం రెండున్నరకు ఫోను. బుక్కరాయసముద్రం ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా వెనక కుడివైపు టైరు పోయింది. పంచరు కాదు, పగిలింది. బండి కుడికి లాగితే మామ బ్రేకు తొక్కకుండా స్టీరింగు గట్టిగా పట్టుకుని దానంతట అదే నిదానించేదాకా ఆగినాడంట, ఎదురుగా బస్సు లేకపోవడం మా అదృష్టం. నేను బైకు మీద పోయేసరికి ఆయన తుమ్మచెట్టు నీడన కూర్చోనుండాడు, చొక్కా మొత్తం తడిసిపోయింది. నేను అడిగిన మొదటి మాట "దెబ్బేమన్నా తగిలిందా" కాదు. "ఎంత స్పీడులో వస్తాంటివి" అన్నా. ఇది రాయకుండా ఉండొచ్చు, కానీ ఈ వ్యాసం మొత్తం ఎదుటోళ్ళకు చెప్పే బుద్ధులతో నింపేస్తానేమో అని భయమేసి రాస్తాండా.

జాకీ ఎక్కించాలంటే బండలు సగం దించాల్సొచ్చింది, అది వేరే కథ. సాయంత్రం పగిలిన టైరు మా పంచరు షాపు భాయ్ దగ్గర పడేసినా. ఆయన దాన్ని తిరగేసి, చెయ్యి లోపలికి పెట్టి, పిడికెడు తీసి నా ముందర అరచెయ్యి తెరిచినాడు. నల్లపొడి. రోట్లో దంచిన బొగ్గు మాదిరి, మధ్యలో చిన్న చిన్న రబ్బరు ముక్కలు, మిరియాల సైజులో. "ఇదేంది భాయ్" అంటే, "ఇది నీ టైరే అన్నా, లోపల్నుంచి తనను తానే తిన్నాది" అన్నాడు. గాలి తక్కువుంటే టైరు పక్కగోడ తిరిగే ప్రతి చుట్టుకూ వంగుతుంది, లేస్తుంది, వంగుతుంది. ఇనప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచితే వేడెక్కి తెగుతుంది చూడండి, అట్లా. లోపలి పొర అరిగి పొడి రాలుతుంది, రబ్బరుకు, లోపలి దారాలకు మధ్య పట్టు పోతుంది, ఆఖరికి ఒక రోజు విడిపోతుంది. గాలి ఎక్కువయ్యి పగిలితే ఈ పొడి ఉండదంట.

అప్పుడు ఎడమవైపు టైరుకు గాలి కొలిచే గేజీ పెట్టినాడు. 47 చూపించింది. 55 కదా ఉండాల్సింది? భాయ్ వాల్వు మీద వేలితో ఉమ్మి రాసినాడు, సన్నగా ఒక బుడగ ఉబ్బింది, మూత ఎప్పుడు పడిపోయిందో ఎవరికీ తెలీదు. నేను తీయించింది పది, వాల్వు పిన్ను తీసింది రోంత, మిగతాది ఎక్కడ పోయిందో ఇంకో వారానికి తెలిసింది, ముందుకు చెప్తా.

సగం బండి తూకం

టైరు పాతదేమో అని నాకు నేనే సర్ది చెప్పుకోబోయినా. పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉండే డబ్బాలో నాలుగంకెలు ఉంటాయి, నాది 2319, అంటే 2019లో 23వ వారం చేసింది. వయసైన మాట నిజమే. కానీ ముందర రెండు టైర్లు కూడా అదే వారంవే, వాటిల్లో నేను వేలు పెట్టలేదు, 45 పెట్టాల్సిన చోట 45 ఉంటూ అవి సంక్రాంతి దాకా తిరిగినాయి. ముందర బరువు తక్కువ కదా అంటారు. అంటారనే నేనూ బండ్లు తూచే కాటా దగ్గరికి పోయినా.

బండల వ్యాపారంలో ఒక చిత్రం ఉంది, మేం దేన్నీ తూకంతో కొనం, తూకంతో అమ్మం. అంతా చదరపు అడుగులే. "రెండొందల అడుగులు ఎక్కించు" అంటాం, ఎక్కిస్తారు. అంగుళం మందం బండ ఒక చదరపు అడుగు ఆరు కిలోల పైనే ఉంటుంది. రెండొందల అడుగులంటే పన్నెండొందల యాభై కిలోలు. నోట్లో "రెండొందలు" అని వస్తాంటే మనసు కూడా రెండొందల బరువే అనుకుంటుందేమో. చీనీకాయల వాళ్ళకు, టమాటా వాళ్ళకు క్రేట్ల లెక్క, సిమెంటు వాళ్ళకు బస్తాల లెక్క, వాళ్ళకన్నా బస్తా యాభై అని తెలుసు.

కాటా పిల్లోనితో మొత్తం తూకం తర్వాత వెనక చక్రాలు మాత్రం ప్లాటుఫారం మీద పెడతాం, ముందరివి బయట ఉంచుతాం, ఆ చీటీ వేరేగా ఇయ్యి అన్నా. "సగం బండి తూకం ఏంది సామీ, సగం డబ్బులే ఇస్తావా" అన్నాడు. పూర్తి డబ్బులే ఇచ్చినా. బండల లోడుతో వెనక ఇరుసు మీద 1540 కిలోలు.

ఇప్పుడు టైరు మీద రాతలు చూడండి. నాది 185 ఆర్14, 8 ప్లై, పక్కన 102/100 అని ఉంటుంది. ఆ 102 అనేది కిలోలు కాదు, ఒక పట్టికలో నంబరు, దాని అర్థం 850 కిలోలు. వెనక పక్కకు ఒక్కో టైరే ఉన్న బండికి మొదటి అంకె వర్తిస్తుంది, జంట టైర్లుంటే రెండోది, అంటే ఒక్కోటి 800. రెండు టైర్లకు 1700, నా లోడు 1540, సరిపోయింది కదా? సరిపోయింది, 65 గాలి ఉంటేనే. ఆ 850 అనేది పూర్తి గాలి ఉన్నప్పటి మాట. 47కు దిగేసరికి ఆ తాహతు నాలుగో వంతుకు అటూ ఇటూగా పోతుంది, అంటే రెండు టైర్లూ కలిపి దాదాపు పదమూడొందలు మోయగలవు, నేను పదిహేనొందల నలభై పెట్టినా. చట్టం లెక్కలో నా బండి ఓవర్‌లోడు కాదు, ఆర్‌టీఓ ఆపినా చీటీ రాయడు. టైర్లకు మాత్రం రెండు వారాలుగా ఓవర్‌లోడే. ఆ రోజు కాటా చీటీ చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి అన్నం ముందర కూర్చుంటే ముద్ద దిగలేదు.

మరి వేడికి గాలి ఉబ్బదా

ఉబ్బుతుంది. వాయిస్ మెసేజీలో ఉన్న నిజం అదొక్కటే, అందుకే అది అంత సులువుగా నమ్ముడుపోతాది. మే నెలలో పొద్దున ఐదున్నరకు, బండి కదలకముందు, వెనక సరిగ్గా 65 పెట్టినా. తాడిపత్రి పోయి లోడుతో అనంతపురం వచ్చేసరికి 74. చూస్తే గుండె ఝల్లుమంటుంది, నాకూ అన్నది. కానీ లెక్క వేస్తే అందులో వింతేమీ లేదు. పొద్దున 27 డిగ్రీలున్న టైరు 60 డిగ్రీలకు పోతే 65 ఉన్నది దాదాపు 74 కావాల్సిందే. కంపెనీవాడు స్టిక్కరు మీద చల్లటి టైరు లెక్క రాస్తాడు, ఎక్కే ఆ తొమ్మిదీ వాడికి తెలిసే రాస్తాడు. బాగున్న టైరును గాలితోనే పగలగొట్టాలంటే దీనికి రెండు మూడింతలు కొట్టాల. దెబ్బతిన్న టైరు సంగతి వేరు, దాంట్లో గాలి ఎంత పెట్టినా ప్రమాదమే, మార్చడం తప్ప దారి లేదు.

వేడి మీద 74 చూసి భయపడి 65కు దించితే ఏమవుతుంది? రాత్రి చల్లారినాక అది 57 అవుతుంది. మరుసటి రోజు 57తో లోడు ఎత్తుతావు, ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, మళ్ళీ ఎక్కువ చూపిస్తుంది, మళ్ళీ దించుతావు. గాలి ఉబ్బకూడదని తీసినోనికే గాలి ఎక్కువ ఉబ్బుతుంది. అందుకే గేజీ పెట్టేది చల్లగున్నప్పుడు, బండి ఆపి మూడు గంటలన్నా అయ్యుండాల. ఆపింది ఎండలో అయితే అదీ నమ్మొద్దు, ఒకసారి షాపు ముందర ఎండ తగిలే పక్క టైర్లు నీడ పక్క వాటికంటే నాలుగు ఎక్కువ చూపించినాయి, నేను అరగంట తల గోక్కున్నా.

ఇది మన ఊరి పిచ్చి మాత్రమే అనుకోవద్దు. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిపించుకుంది, ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లవి, పైపొర ఊడిపోయి బండ్లు బోల్తా పడినాయి. తప్పు టైరుదా బండిదా అని రెండు కంపెనీలూ కొట్టుకున్నాయి, తయారీ లోపాలూ బయటపడినాయి కాబట్టి అంతా గాలి మీదే తోసెయ్యలేం. కానీ ఫోర్డ్ ఆ బండికి పెట్టమన్నది 26, టైరు కంపెనీ తర్వాత 30 పెట్టమన్నది. ప్రమాదాలు ఎక్కువ జరిగింది అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా లాంటి ఎండ రాష్ట్రాల్లో. ఎండ, బరువు, తక్కువ గాలి, మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో తెలుసుకోడానికి అనంతపురమే కావాల్సిన పని లేదు. ఆ గొడవ తర్వాత అదే ఏడు చట్టం తెచ్చినారు, 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే కొత్త కార్లు, చిన్న ట్రక్కులన్నిట్లోనూ గాలి తగ్గితే దీపం వెలగాల్సిందే. ఉండాల్సిన దానికంటే పాతిక శాతం తగ్గితే వెలుగుతుంది. 65లో పాతిక శాతం తీస్తే 49 కూడా రాదు, నా ఎడమ టైరు 47, నాకూ వెలిగేదే. గాలి ఎక్కువైతే దీపం పెట్టమని మాత్రం ఆ చట్టం అడగలేదు.

నైట్రోజన్ పెట్టించుకోమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. మామూలు గాల్లోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బులుంటే పెట్టించుకోండి, నాకు గొడవ లేదు, కానీ 65 చోట 50 పెడితే అది ఏ గాలయినా ఒకటే.

మామ ఒప్పుకోని చోటు

ఇంత లెక్క చెప్పినా మామ పూర్తిగా ఒప్పుకోలేదు, ఆయన దగ్గర గట్టి పాయింటే ఉంది. "నువ్వు చెప్పేది వచ్చేటప్పటి సంగతి అల్లుడూ, పోయేటప్పుడు ఎవరు చెప్తారు" అన్నాడు. నిజమే, ఖాళీ వ్యానులో వెనక 65 పెట్టుకుని మన రోడ్డు మీద పోతే కడుపులో పేగులు కదులుతాయి. ఒక రోజు పక్కన కూర్చుని పోయినా, స్పీడు బ్రేకర్ల దగ్గర వెనక భాగం గొర్రెపిల్ల మాదిరి ఎగిరింది. ఖాళీగా ఉన్నప్పుడు టైరు మధ్యభాగమే రోడ్డుకు తగిలి మధ్యలో అరుగుతుంది, వానలో బ్రేకు వేస్తే వెనక జారుతుంది. ఆయనకు నడుం నొప్పి ఉంది, యాభై మూడేండ్లు. కొన్ని బండ్ల పుస్తకాల్లో ఖాళీకి వేరే, లోడుకు వేరే నంబర్లు ఇస్తారు కూడా. అంటే మామ అడిగేది తప్పేం కాదు.

నేను దీని మీద చాలా రోజులు తన్నుకులాడినా. తాడిపత్రిలో లోడయినాక గాలి కొట్టించు అంటే, అక్కడ క్వారీ లారీల వెనక క్యూలో అరగంట, పైగా అప్పటికే టైర్లు వేడి మీదుంటాయి, చల్లటి లెక్క దొరకదు. తగ్గించడం ఒక నిమిషం పని, మళ్ళీ ఎక్కించడం ఎవరూ చెయ్యరు. రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేయక తప్పదంటే నేను గట్టిగుండే తప్పే చేస్తా, దానికి నడుం నొస్తుంది, ఇంకోదానికి ఎదురుగా బస్సు వస్తుంది. నొచ్చే నడుం నాది కాదు కాబట్టి ఈ మాట అనడం నాకు సులువు, అదీ తెలుసు. సీటు కింద కొత్త స్పాంజి వేయించినా, వారంలో ఒక ట్రిప్పు తగ్గించినా. మామ ఇంకా గొణుగుతానే ఉండాడు.

రెండో గట్టి వాదన గేజీది. పోయినేడు మిస్సయిన గాలి దొరికింది ఇక్కడే. నాలుగొందలు పెట్టి సొంత గేజీ ఒకటి కొని, అదే టైరుకు ఒకే పొద్దున మూడు చోట్ల చూపించినా. నా గేజీలో 60, భాయ్ దగ్గర 61, మామ రోజూ పోయే బంకులో 66. అంటే ఆ బంకులో 55 అన్నప్పుడు నిజంగా ఉన్నది 50. పది నేను తీసినా, ఐదు బంకు మిషను తినేసింది, మిగతాది వాల్వు దగ్గర పోయింది. ఇంత జరుగుతాంటే "ఐదు తగ్గిస్తే ఏమవుతుందిలే" అనేవాళ్ళు నిజంగా ఎంత తగ్గించినారో వాళ్ళకే తెలీదు. బంకుల్లో గాలి ఫ్రీగా పట్టాలి అని నిబంధన ఉంది, పట్టేవాని తొందరకు మాత్రం నిబంధన లేదు. "ఎంత సార్" అని అడిగి నువ్వు నోరు తెరిచేలోపు నాలుగింటికీ ఒకటే కొట్టేస్తాడు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాల. నేను ఆరేండ్లుగా మామకు "గాలి చూసుకో" అని చెప్తాండా, ఒక్క గేజీ కొనియ్యలేదు. లక్షల బండి, వేల టైర్లు, లక్షల సరుకు, నాలుగొందల గేజీకి చెయ్యి రాలేదు. ఓనర్లం డ్రైవర్ల స్పీడు గురించి, ఫోన్ల గురించి గంటలు మాట్లాడతాం. పొద్దున ఐదున్నరకు పదినిమిషాలు గాలి చూసే పనికి మాత్రం జీతంలో లెక్క లేదు, వాళ్ళు బండి తీసేదాక కూలి పడనట్టే. ఇప్పుడు మామ సోమవారం, గురువారం చూసి నా ఫోనుకు నాలుగంకెలు పంపుతాడు. "45 45 64 65". ఒక్కోసారి గుడ్ మార్నింగు పూల బొమ్మ మీద రాసి పంపుతాడు.

వాయిస్ మెసేజీ సంగతికి వస్తే, ఆఖరికి గ్రూపులో ఏమీ రాయకుండా బావకే ఫోను చేసినా. ఆయనది కడపలో పాల వ్యాను, రోజూ రాత్రి తిరిగేది. నల్లపొడి కథ, కాటా కథ మొత్తం చెప్పినా. చాలాసేపు ఊ కొట్టి, "సరే, నా బండికి ఎంత పెట్టాల్నో చెప్పు" అన్నాడు. నాకెట్లా తెలుస్తుంది బావా, డ్రైవరు డోరు తెరిచి పక్క స్తంభం మీద స్టిక్కరు చూడు అన్నా. పోయి చూసి, లైన్లోకొచ్చినాడు. అక్కడ స్వామి బొమ్మ అతికించి ఉందంట, బండి కొన్న రోజు అక్కే అంటించింది. "పీకమంటావా?" అన్నాడు.

పీకొద్దులే, డ్యాష్‌బోర్డు పెట్టెలో బండితో ఇచ్చిన పుస్తకం ఉంటుంది చూడు అన్నా. రోంతసేపు కవరు గలగల వినపడింది.

"ఇంకా సీలే తీయలేదురా," అన్నాడు.